గుర్రప్పిల్ల సినిమా చెప్పిన చిన్నాయన

నంద్యాల బస్సు కండక్టరు ఆళ్లగడ్డలో మా అత్తగారింటి అంగడి ముందు దిగి, కేక వేయకుండా మెట్లెక్కి లోపలికి వచ్చాడు. మామూలుగా అయితే బస్సులోంచే మూట అందించి, "మీ చిన్నాయన పంపించినాడమ్మా" అని అరిచి పోయే మనిషి. ఆ పొద్దు చేతిలో మూట లేదు. "అమ్మా, మీ చిన్నాయన పోయినాడు. పొద్దున అంగడి తీస్తా తీస్తానే కూలబడినాడంట. ఇదే బస్సు తిరిగి పోతాది, ఎక్కు తల్లీ" అన్నాడు. ఎక్కాను. దారి పొడుగునా ఆయన చెప్పిన సినిమానే గుర్తుకొస్తూ ఉంది.

మా నాయన, చిన్నాయన కలిసి నంద్యాలలో బట్టల అంగడి నడిపేవారు. అన్నదమ్ములకు అక్కచెల్లెళ్లనే ఇచ్చారు కాబట్టి చిన్నాయన భార్య మా అమ్మకు సొంత చెల్లెలు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు మా నాయన. బేరాలన్నీ చిన్నాయనవే. ఆయన గొంతు వీధి చివరికి వినపడేది. చేతిలో గజంబద్ద లేకపోతే ఆయనకు మాట సాగేది కాదు. ప్రతి గుడ్డనూ ఒకటికి రెండుసార్లు కొలిచేవాడు. రైతులు విసుక్కుంటే, "ఉండప్పా, కోసిన గుడ్డను అతకొచ్చు గానీ కోయనట్టు చేయలేం" అనేవాడు. ఆ మాట గుడ్డల గురించే అనుకుంటూ పెరిగాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నంద్యాల డేరా టాకీసుకు ఒక ఇంగ్లీషు బొమ్మల సినిమా వచ్చింది. అందులో మనుషులుండరు, గీసిన బొమ్మలే పరుగెత్తుతాయి, పాడతాయి. వరదలో తల్లికి దూరమైన గుర్రప్పిల్ల కథ అది. అర్థం కాని భాషలో సినిమా వస్తే తెర పక్కన ఒక మనిషి నిలబడి మైకులో తెలుగులో కథ చెప్పడం అప్పటి పద్ధతి. టాకీసాయన మా చిన్నాయనను పట్టుకున్నాడు. చిన్నాయనకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. "గుర్రానికి మాత్రం వచ్చునా ఏందీ?" అని గజంబద్ద తీసుకొని బయల్దేరాడు.

ఆయన నోట ఆ వరద మా ఊరి కుందూ ఏటి వరద అయింది. ఆ సినిమాలో కుందేలొకటి ఉంది. అది దొర్నిపాడు నుంచి పెళ్లిబట్టలకు వచ్చిన రైతు మాదిరి బేరమాడింది. గజంబద్ద నీడ తెర మీద పడితే జనం "అన్నా, బద్ద దించు" అనేవారు. దించేవాడు, మళ్లీ ఎత్తేవాడు. చూసినవాళ్లే మళ్లీ చూశారు. ఊరంతా ఆ సినిమాను నెత్తిన పెట్టుకుంది.

ఇక మా తమ్ముడి సంగతి చెప్పాలి. అప్పుడు వాడికి ఐదేళ్లు. సినిమా రావడానికి కొన్ని నెలల ముందు అమ్మను కర్నూలు ఆసుపత్రికి బస్సులో తీసుకుపోయారు. ఆమె అక్కడే పోయింది, తుంగభద్ర ఒడ్డునే అంతా ముగిసింది. వాడికి ఆ మాట చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. "సాయంత్రం బస్సుకు వస్తుంది లే" అన్నారు. వాడు నమ్మాడు. దినమూ పొద్దు గూకే వేళకు మా అరుగు మీద కూర్చొని, బస్సు దిగేవాళ్ల ముఖాలు చూసేవాడు. చిన్నమ్మ అన్నం కలిపి పిలిస్తే, "అమ్మ వచ్చినాక తింటా" అనేవాడు. ఆ నెలల్లో వాడు పుల్లలా అయిపోయాడు. వాడు కూడా మాకు దక్కడేమోనని చిన్నమ్మ దేవుడి గూటి ముందు ఏడ్చేది.

రెండో రోజు ఆటకు వాణ్ణి నేను తీసుకుపోయాను. నేల టిక్కెట్టు, తెర ముందే కూర్చున్నాం. సినిమా చివర గుట్ట దిగి ఒక ఆడగుర్రం వస్తుంది, నొసట తల్లికి ఉన్నట్టే తెల్లమచ్చతో. గుర్రప్పిల్ల దాని వైపు పరుగెత్తుతుంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. చిన్నాయన గజంబద్ద దించి మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మచ్చ చూసి తల్లి అనుకుంటాండారేమో, తల్లి కాదప్పా. తల్లి ఏట్లో పోయింది. ఇంక రాదు. ఎంత సేపు చూసినా రాదు. ఈమె చిన్నమ్మ. అక్కచెల్లెండ్లు గదా, ఒకటే పోలిక. ఈ బిడ్డ కోసరం వచ్చింది" అన్నాడు.

తమ్ముడు నా వైపు తిరిగి, "రాదా?" అన్నాడు. నేను "రాదు" అన్నాను. ఇంటికి చేరేదాకా ఏడ్చాడు. అమ్మ పోయాక వాడు ఏడవడం అదే మొదలు. ఇంట్లో అడుగు పెట్టగానే చిన్నమ్మ ఒళ్లో దూరాడు. మరుసటి రోజు బస్సు వేళకు వాడు అరుగు మీద లేడు, వంటింట్లో చిన్నమ్మ కొంగు పట్టుకొని అన్నం తింటున్నాడు.

పెళ్లయి నేను ఆళ్లగడ్డ వచ్చాక, పోయినేడు ఆ సినిమా ఇక్కడికి వచ్చింది. అంతటి సినిమా మళ్లీ పుట్టదని గొప్పలు చెప్పి అత్తగారినీ ఆడబిడ్డలనూ తీసుకుపోయాను. ఇక్కడ మైకు లేదు, చెప్పేవాళ్లూ లేరు. పాటలు సాగుతూనే ఉన్నాయి, కుందేలు ఉత్త కుందేలే. "ఏందమ్మా, నువ్వు చెప్పిందేంది, ఈడ జరుగుతాండేదేంది?" అంది అత్తగారు. చివర ఆడగుర్రం వచ్చింది. అది తల్లే. చూసే కళ్లుంటే ఎవరికైనా తెలుస్తుంది. పోయిందనుకున్న తల్లి తిరిగి రాగానే అన్నీ ఎగిరి గంతులేశాయి, అంతకుముందు ఏమీ జరగనట్టు. డేరా అంతా చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది.

నంద్యాల పోయినప్పుడు అడిగాను. "చిన్నాయనా, వచ్చింది తల్లే గదా?"

ఆయన గుడ్డ మడతపెడుతూ తల ఎత్తలేదు. "తల్లే. మొదటి దినం అట్లే చెప్తి. రెండో దినం చూస్తే వాడు ముందర కూచోనుండాడు. గుర్రం తల్లి వస్తే మన తల్లి యాడ అంటాడు. మళ్లా పోయి అరుగు మీద కూచుంటాడు. ఎదురుగా కూచోబెట్టుకొని చెప్పే గుండె నాకూ లేకపాయ పాపా. చీకట్లో, మైకులో అయితే చెప్పగలిగితి."

ఆ సినిమాను పొగిడేవాళ్లు నంద్యాలలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో వాదం పెట్టుకోను. నా మటుకు అది మామూలు సినిమా, కొంచెం అబద్ధం కూడా. మేము ప్రేమించింది మా చిన్నాయన గొంతును. ఆయన మా తమ్ముణ్ణి బతికించాడు. ఆ మాట ఆయన ఉండగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నంద్యాలలో దహనం ముగించుకొని మగవాళ్లు ఇంటికి తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. చిన్నాయన కూతురు, నాలుగేళ్ల పిల్ల, అరుగు మీద కూర్చొని ఉంది. "నాయన కర్నూలు ఆసుపత్రికి పోయినాడంట, బస్సుకు వస్తాడంట" అంది నాతో. పక్కింటామె అట్లా చెప్పిందట. తలస్నానం చేసిన తడి ఆరక ముందే తమ్ముడు వచ్చి దాని పక్కన కూర్చున్నాడు.

"రాడు పాపా. సచ్చిపోయినాడు. ఎంత సేపు చూసినా రాడు. నేనుండా, అక్క ఉండాది" అన్నాడు.

పిల్ల గొల్లుమంది. పక్కింటామె పరుగెత్తుకొచ్చి, "ఏందిరా, పసిబిడ్డకు చెప్పే మాటేనా?" అని కసిరింది. "ఏడవనీ అత్తా" అన్నాడు వాడు.

బస్సు వచ్చింది. ఎవరెవరో దిగి ఎవరి దారిన వారు పోయారు. పాప వాడి భుజంలో ముఖం దాచుకొని ఉంది, తల ఎత్తలేదు. వాడు మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు.