ఓడ మీద గోడ

మా టీచరమ్మ పోయారు. కబురు అందేసరికి నేను జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియాలో, మా ఫ్యాక్టరీ గేటు దగ్గర టెంపో దిగుతున్నాను. ఫోన్లో వాళ్లమ్మాయి ఏడవలేదు. "అమ్మ పొద్దున్న ఎళ్లిపోయింది అక్కా. ఆదివారం పిల్లలొత్తారు, వరండా కడిగించమని నిన్న కూడా చెప్పింది," అంది. నేనే గేటు పక్కన నిలబడి ఏడ్చాను. తర్వాత సెలవు పెట్టి అగ్రికో కాలనీలో వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లం చాలామందిమి చేరాం. ఆదివారం క్లాసు ఆపకూడదని అనుకోడానికి మాకు పెద్ద చర్చేమీ అవసరం పడలేదు.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆవిడ తెలియదు. జంషెడ్‌పూర్‌లో ఒక బడిలో హిస్టరీ చెప్పేవారు. మా ఇళ్లలో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే మేం హిందీలో జవాబిచ్చేవాళ్లం. అది చూసి తెలుగు సంఘం వాళ్లు ఆదివారాలు పిల్లలకి అక్షరాలు నేర్పమని ఆవిణ్ణి అడిగి, సంఘం హాలు పక్కన ఒక గది ఇచ్చారు. ఆవిడ అక్షరాలు నేర్పారు. నేర్పి ఊరుకోకుండా ఆ అక్షరాలు పట్టుకుని మమ్మల్ని హిస్టరీలోకి లాక్కుపోయారు. ఆ గది తర్వాత పోయింది. అది ఎలా పోయిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మా పాఠ్యపుస్తకంలో అట్లాంటిక్ బానిస వ్యాపారం ఒక త్రికోణం. యూరప్ నుంచి ఆఫ్రికాకి ఒక బాణం, గుడ్డలూ తుపాకులూ. ఆఫ్రికా నుంచి అమెరికాకి ఇంకో బాణం, బానిసలు. అక్కణ్ణుంచి తిరిగి యూరప్‌కి మూడో బాణం, పంచదారా పొగాకూ. బాణాలు సరిగ్గా గీస్తే పూర్తి మార్కులు. టీచరమ్మ రెండో బాణం మీద వేలు పెట్టి, "దీన్లోపల ఎవులున్నారు?" అని అడిగారు.

"స్లేవ్స్," అన్నాం అందరం.

"కాదు. రైతులున్నారు, కమ్మరోళ్లున్నారు, నీలాగే అమ్మ మీద అలిగిన గుంటలున్నారు. బానిసలని వాళ్లని అమ్ముకున్నోళ్లు రాసుకున్నారు. అదే రాయడానికి మనకేటి ఖర్మ?"

ఆ తర్వాత సిమెంటు నేల మీద సుద్దముక్కతో పెద్ద ఓడ గీశారు. డెక్కు మధ్యలో అడ్డంగా ఒక గీత. అది మనిషికంటే ఎత్తైన చెక్కగోడ అన్నారు. ఓడ ఆఫ్రికా తీరం చేరాక వడ్రంగి చేత కట్టించేవారట. ఎందుకు కట్టారో చెప్పమన్నారు. "హవా రోకనే కే లియే," అన్నాడు వెనకనించి ఒకడు, గాలికి అడ్డమని. సామాన్లు జారిపోకుండా అన్నాను నేను.

ఆవిడ పకపకా నవ్వారు. "ఆ గోడ మీద తుపాకులుండీవి. వాటి మూతి సముద్రం వైపు కాదు, డెక్కు మీదున్న మనుషుల వైపు. నోరు మూసుకుని కూకున్నోళ్ల కోసం ఎవడైనా అంత కలప తగలేసి గోడ కడతాడేటి? ఈళ్లు తిరగబడతారని కెప్టెన్‌కి తెల్సు. మన పుస్తకం రాసినోడికే తెలీలేదు."

నిజంగానే తిరగబడ్డారని అప్పుడు చెప్పారు. ఇద్దరిద్దరిని కలిపి ఇనప సంకెళ్లు వేసినా, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనపడకపోయినా, ఓడ నడపడం రాకపోయినా తిరగబడ్డారు. కొన్ని ఓడల్లో గెలిచి ఒడ్డు చేరారు. చాలా ఓడల్లో గెలవలేదు. ఆడవాళ్లనీ పిల్లల్నీ గోడకి ఇవతల, నావికుల వైపు ఉంచేవారట, చాలాసార్లు సంకెళ్లు కూడా లేకుండా. అక్కడ వాళ్లు పడ్డ నరకం గురించి మా వయసుకి తగ్గట్టు చెప్పారు, దాచలేదు. వీళ్లేం చేస్తారులే అనుకున్న ఆ ఆడవాళ్లే ఆయుధాలెక్కడున్నాయో చూసి పెట్టుకుని, అదను చూసి గోడకి అవతలున్న మగవాళ్లకి కబురందించిన ఓడలు ఉన్నాయి. ఆ మాట విన్న రోజు మా ఆడపిల్లల వరస మొత్తం నిటారుగా కూర్చుంది.

ఆవిణ్ణి దేవతని చెయ్యబోవడం లేదు. కోపం ముక్కు మీదే ఉండేది. స్టవ్ మీద పాలు పెట్టి మాటల్లో పడిపోతే, వాళ్లాయన, మా బాబాయిగారు, సణుక్కుంటూ వచ్చి కట్టేసేవారు. పర్సుడీహ్ బజారుకి నన్ను తోడు తీసుకెళ్లి, తూకం తక్కువైందని కూరలవాడితో హిందీ, ఒడియా, తెలుగు మూడింటిలోనూ పోట్లాడేవారు. గెలిచేదాకా కదిలేవారు కాదు. గెలిచాక అక్కడే కూర్చుని వాడి కూతురి చదువు గురించి అరగంట అడిగేవారు, సంచీ మోసే నా చెయ్యి పీకుతున్నా పట్టేది కాదు.

ఓడ పాఠం చెప్పిన ఏడు ఉగాదికి సంఘం హాల్లో మా చేత నాటకం వేయించాలనుకున్నారు. ఆ ఓడ కథే ఆవిడ రాశారు. చివర్లో తిరుగుబాటు విఫలమై మేమంతా చచ్చిపోతాం. అక్కడే చిక్కొచ్చింది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఉగాది నాటకంలో ఎవరు చచ్చినా తెర పడేలోపు లేచి వరసగా నిలబడాలి. మంగళం పాడుతుంటే పెద్ద ముత్తయిదువ ఒకావిడ అందరికీ హారతి పడుతుంది. పండగని స్టీలు ఫ్యాక్టరీలో ఫర్నేసు ఆగదు. హాల్లో కూర్చున్నవాళ్లలో ఎవరి భర్తో, ఎవరి కొడుకో ఆ వేళ షిఫ్టులో ఉంటాడు. శవాల మీద తెర వేస్తే, అపశకునమని వాళ్ల గుండెలు ఏమైపోతాయి?

రిహార్సల్ చూడ్డానికి వచ్చిన సెక్రటరీ గారు అదే అన్నారు. చెడ్డవారు కాదు, మా అందరికీ సమోసాలు కూడా తెచ్చారు. "బాగుందమ్మా. లాస్ట్‌లో గెలిచినట్టు రాసీండి. లేదంటే చచ్చినోళ్లు లెగిసి హారతి తీసుకోవాల. మనోళ్లు డ్యూటీల్లో ఉంటారు కదా."

"మా ఆయనకీ ఆవేళ బి-షిఫ్టేనండి. నాకు భయం నేదనుకుంటన్నారేటి?" అన్నారు టీచరమ్మ. "కానీ ఆ ఓడలో చచ్చినోళ్లు లెగలేదు. సముద్రంలోకి తోసీసినారు. మనం లేపి పాట పాడించీస్తే, ఏటీ జరగలేదని మనమే చెప్పినట్టు."

"అయితే గది సంగతి మర్చిపోండమ్మా."

"గది మీది. నాటకం పిల్లలది."

ఆయన వెళ్లాక మా వైపు తిరిగారు. "గది పోతాది. లెగాలనుకున్నోళ్లు లెగండి, నానేటీ అనను." అందరం మళ్లీ మా మా చోట్లకి వెళ్లి, చచ్చిపోయే సీను ఇంకోసారి చేశాం.

గది పోయింది. పండగ వెళ్లిన వారంలోనే తాళం పడింది. క్లాసు అగ్రికోలో వాళ్ల వరండాలోకి మారింది, ఆవిడ బతికున్నంత కాలం అక్కడే నడిచింది. గది పోయిందని మేం మొహాలు వేలాడేస్తే, "తాళం ఏసినారంటే మనల్ని చూసి భయపడినట్టే కదే," అని నవ్వారు. మొన్న ఆదివారం ఆ వరండాలో పాఠం నేను చెప్పాను. గొంతు వణికింది. వచ్చే ఆదివారం వణక్కుండా చెప్తాను.

ఇక ఆ ఉగాది సాయంత్రం సంగతి. నాటకం అయింది, మేం పడిపోయాం. నా చెయ్యి పక్కపిల్ల చేతికి గోనెతాడుతో కట్టి ఉంది. మంగళం ఎత్తుకున్నారు. ఎవ్వరం లేవలేదు. పాట తడబడి మధ్యలోనే ఆగింది. సగం మూసిన కళ్లతో చూస్తున్నాను. హారతి పళ్లెం పట్టుకున్న పెద్దావిడ ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది. "లెగండర్రా!" అని హాల్లోంచి ఎవరో అరిచారు. నాకు భయమేసింది. లేచిపోదామా అనిపించింది.

అప్పుడు టీచరమ్మ స్టేజీ ఎక్కి వచ్చారు. పెద్దావిడ చేతుల్లోంచి పళ్లెం అందుకున్నారు. మోకాళ్ల నొప్పుల మనిషి, మూలుగుతూ నేల మీద కూర్చుని, ఒక్కొక్కరి పక్కకీ జరుగుతూ, పడి ఉన్న మా మొహాలకి హారతి పట్టడం మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి కర్పూరం వేడి చెంపకి తగిలింది. ఏడుపొచ్చి, లేచి ఆవిణ్ణి పట్టుకోబోయాను. ఆవిడ నా చెవి దగ్గరికి వంగారు.

"లెగకే గుంటా," అన్నారు. "ఇంకా చూత్తన్నారు."