రంగుటద్దంలో పిల్ల ముఖం

“దాని మీద చెయ్యేసినావంటే చెయ్యిరుగుతాది సూడు!”

“ఇరిగితే కట్టు కట్టిచ్చుకుంటాలే. ముందు నువ్వు స్టూలు దిగు పెద్దమ్మా!”

ఆదోనిలో ఆఫీసర్లుండే పాత బంగళా అది. మెట్ల మలుపులో రంగుటద్దాల కిటికీకి అడ్డంగా నిలబడింది ఏసమ్మ. కింద ఉలి పట్టుకుని ఎర్రిస్వామి, ఎమ్మిగనూరు వడ్రంగి. పాతవి ఊడబీకి తెల్లద్దాలు బిగించమని పిలిపించినారు. కొత్త ఆఫీసరు రేపే దిగుతాడు. ఈమె చూస్తే పొద్దున్నుంచి స్టూలు దిగదు.

తెల్లదొరల నాటి కిటికీ. పూలబుట్ట పట్టుకున్న పిల్ల బొమ్మ. ఎర్రగౌను, పచ్చటి ఆకులు, నీలం ఆకాశం అన్నీ ఉన్నాయి. ముఖం మాత్రం లేదు. ఆ చోట ఉత్త గాజు.

“ముఖం లేని బొమ్మ ఎవురిక్కావల్ల? దయ్యంమాదిరుంది.”

“నీ ముఖమే దయ్యంమాదిరుంది, పో! అది నా బిడ్డ, అశ్విని!”

అశ్విని బడి ఈడు రాకముందే జొరమొచ్చి పోయింది. ఒక్క ఫొటో లేదు. పెద్దకడుబూరు చేలల్లో పత్తి ఏరే ఇంట్లో ఫొటో మాట ఎవరికి తోస్తుంది? ఆ తర్వాత ఏసమ్మ ఈ బంగళాలో ఊడ్చే పనికి కుదిరింది. మొదటిరోజే ఈ పిల్లను చూసి చేతిలో చీపురు జారవిడిచింది. అప్పట్లో ఆ ముఖంలో అవే బుగ్గలు, అదే చూపు. ఇంక అప్పట్నుంచి ప్రతి శనివారం, తెల్లారితే చర్చికి పోవాల్సిన బిడ్డకు నీళ్లు పోసినట్టే, ఆ ముఖాన్ని తోమేది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమేది.

ఎర్రిస్వామి స్టూలు పక్కన మెట్టెక్కి అద్దాన్ని దగ్గరగా చూసినాడు. గాజుముక్కల్ని పట్టుకునే సీసం పట్టీల వారన, పీచు దూరని చోట, నాలుగు వెంట్రుకల గీతలు మిగిలినాయి. తక్కినదంతా గీరిన గుర్తులే. అసలే కోపంలో ఉన్నాడు, నోరు ఆగలేదు.

“గౌనుకు రంగు గాజులోనే ఉంది. ముఖమైతే గాజు మీద రంగుతో గీసింది పెద్దమ్మా. నువ్వే తోమి తోమి తుడిచేసినావు.”

ఏసమ్మ అద్దం వైపు తిరిగింది. గాజును వేళ్లతో తడిమింది.

“ముఖం మసకబడతాంటే నా కండ్లకు పొరలొచ్చినాయి అనుకుంటినే...” అనింది.

అన్న మాట వెనక్కి తీసుకునే దోవ లేక ఎర్రిస్వామి ఉలి కింద పెట్టినాడు. ఆమె మెల్లగా స్టూలు దిగింది. కొంగులో చుట్టిపెట్టుకున్న పీచు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఇంగ తోమనప్పా. చెయ్యి గూడ పెట్టను. ఆ వెంట్రుకలుండే ముక్క ఒక్కటి, యాడుండేది ఆడనే ఉండనీ.”