కూర్చుని, నీళ్లు తాగి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నేను నర్సుని. పోయినవాళ్ల కళ్లు మూసి, దుప్పటి కప్పి, పది నిమిషాల్లో పక్క గదిలో టీ తాగిన మనిషిని. పైగా చర్చికి వెళ్లే కుటుంబం. శకునాలూ గికునాలూ అంటే మా నాన్న ఇంట్లోంచి లేచిపొమ్మనేవాడు. 2015లో ఒమన్‌లోని సలాలాలో నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా ఆయనది నరసాపురం దగ్గర పల్లె. సలాలా పక్కనే రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో మెకానిక్. ఆయనా చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడే గానీ, వాళ్లమ్మ నేర్పిన ఒక్క పట్టింపు మాత్రం వదల్లేదు. బయటికి వెళ్తున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు. "ఎందాకా?" అనాలి. నోరుజారి అడిగితే గడప దగ్గర్నుంచి వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు కదిలేవాడు. కావాలని అడిగి ఏడిపించేదాన్ని కూడా.

ఫ్యాక్టరీలో ఆయనకి ఐర్లండ్ ఇంజినీరు ఒకాయన స్నేహం. వాళ్ల దేశంలో సముద్రం అంచున కొండల మీద జనం సెలవుల్లో నిదానంగా రోజుకింత అని నడుస్తారట. గైడ్ ఉండడు, దారి గీసిన కాగితం ఉంటుందంతే. ఆ పిచ్చి మా ఆయనకి పట్టుకుంది. ముగ్సైల్ బీచ్ అవతల జాలర్లతో తిరిగొచ్చి, నోట్‌బుక్ కాగితం మీద మూడు రోజుల దారి గీశాడు. గట్ల మీద నడిచి స్కూలుకెళ్లినదాన్ని, గల్ఫ్‌కొచ్చి కూడా నడకేనా అన్నాను. ఖరీఫ్‌లో వెళ్దామనుకున్నాం. మనకి ఖరీఫ్ అంటే పంట, సలాలాలో జల్లుల కాలం.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, సెలవు. ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తే ఆయన గబగబా చొక్కా తొడుక్కున్నాడు. నేను వంటింట్లోంచి "సెలవు రోజున ఎక్కడికి?" అన్నాను. ఏడిపించాలని కాదు, పరాకున వచ్చేసింది. ఆయన గడప దగ్గర ఆగాడు. కింద బండి హారన్ కొడుతోంది.

"వచ్చాక తాగుతాలే" అని నవ్వి వెళ్లిపోయాడు. స్టీలు సీసా బల్ల మీదే ఉండిపోయింది. మధ్యాహ్నానికి గుండెపోటు.

ఒక మాటకి గుండె ఆగదని నాకు తెలుసు, నా చదువే అది. తెలిసీ ఆరు నెలలు సరిగా నిద్రపోలేదు.

ఆగస్టులో ఆ కాగితం పట్టుకుని ఒక్కదాన్నే నడిచాను. నిజ్వా నుంచి మా ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డ్రైవర్ రాజయ్య, జగిత్యాల తమ్ముడు, పొద్దున దింపి సాయంత్రం అవతలి చివర ఎక్కించుకునేవాడు. మా ఆయన్ని అతనెప్పుడూ చూడలేదు. బ్యాగులో నా సీసా కాక ఆయన సీసా కూడా నిండా నింపి పెట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను.

రెండు రోజులు ఏమీ లేదు. పొగమంచు, పచ్చటి కొండలు, ఎక్కడో కింద కెరటాల చప్పుడు, దారికడ్డంగా ఒంటెలు. వినేవాళ్లు లేరు కదా అని బిగ్గరగా ఏడుస్తూ నడిచాను.

మూడో రోజు నాలుగింటికి, దారి రోడ్డుని కలిసేచోట ఒక చదును బండ. కాగితంలో అక్కడ చుక్క పెట్టి ఉంది. రాజయ్య కారు ఇరవై అడుగుల దిగువన ఆగి ఉంది. బండ మీద కూర్చుని, ఆయన సీసా పక్కన పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఆ శుక్రవారం అన్న మాట వెనక్కి తీసుకోనివ్వమని అడిగాను. కళ్లు తెరిచాక ఎవరూ లేరు. అడుగుల చప్పుడు కూడా వినలేదు.

సీసా బ్యాగులో వేసుకుని కారు దగ్గరికి దిగాను. రాజయ్య నా వెనక్కి చూస్తున్నాడు.

"ఆయన రాడా అక్కా?" అన్నాడు.

ఎవరని అడిగాను.

"నీ పక్కన కూసొని నీళ్లు తాగిండు గదా, నీలం అంగీ ఆయన. తాగి, లేచి, సముద్రం దిక్కు పోయిండు."

ఆ శుక్రవారం ఆయన వేసుకున్నదీ నీలం చొక్కాయే. కానీ రైసూత్‌లో సగం మంది నీలమే వేస్తారు, దాన్ని సాక్ష్యం అనను.

సీసా తీశాను. తేలిగ్గా ఉంది. మూత రాలేదు. ఆయన బిగించిన మూత నాకెప్పుడూ వచ్చేది కాదు, దాని మీద ఇంట్లో రోజూ గొడవే. ఆ పొద్దున బిగించింది మాత్రం నేను. చివరికి రాజయ్య తువ్వాలు చుట్టి తిప్పాడు. లోపల సగమే ఉన్నాయి. కారిపోయాయేమో చూద్దామంటే, జల్లుకి బండా బ్యాగూ నేనూ అన్నీ తడిసే ఉన్నాం.

పొగమంచులో రాజయ్య పొరబడి ఉండొచ్చు. జాలరి ఎవరో దాహమేసి తాగి ఉండొచ్చు. ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూశాను, ఏదీ పూర్తిగా అతకలేదు. పాస్టరు గారికి ఇప్పటికీ చెప్పలేదు.

కారెక్కే ముందు సముద్రం వైపు తిరిగి కాసేపు నిలబడ్డాను. బయల్దేరే మనిషిని మనం "వెళ్లండి" అనం, "వెళ్లిరండి" అంటాం. పెళ్లయిన రోజు నుంచీ ఆయనతో అలాగే అన్నాను. ఆ సాయంత్రం తెలిసే, "వెళ్లండి" అన్నాను.