ఇస్త్రీ గదిలో ధ్యానం

బట్టల కంపెనీ ఇస్త్రీ గదిలో ఆడవాళ్లంతా ఆమెను టపాకాయ అనేవాళ్లు. అంటించక్కర్లేదు, తేరిపార చూస్తే చాలు పేలేది. ఆ నోటి పుణ్యమా అని గదికి మంచినీళ్లు వచ్చాయి, కూర్చోడానికి బెంచీ వచ్చింది. ఇక ఆవిరి బయటికి లాగే ఫ్యాన్ల కోసం గొంతెత్తేసరికి మేనేజరుకు అంతకన్నా చవకైన ఉపాయం తట్టింది. ధ్యానం నేర్పే గురువుగారిని పిలిపించాడు.

ఆయన్ని అనడానికేం లేదు, మంచివాడే. "కోపం వస్తుంది, పోతుంది. చప్పుడు వస్తుంది, పోతుంది. మీరు కదలకండి, ఊపిరిని చూస్తూ ఉండండి" అనేవాడు మెత్తగా. ఇంట్లో మొగుడితో, ఒంట్లో బీపీతో వేగలేక చస్తున్న టపాకాయ ఆ మాటల్ని గట్టిగా పట్టుకుంది. బస్సులో ధ్యానం, అంట్లు తోముతూ ధ్యానం, కాలర్ల మీద ఇస్త్రీ పెట్టె తోస్తూ ధ్యానం. బీపీ దిగింది, కంటి నిండా నిద్ర పట్టింది. ఫ్యాన్ల ఊసు ఎత్తడం మానేసింది. ఆమే మానేశాక ఆ గదిలో ఇంకెవరికి నోరుంది?

పక్క బల్ల దగ్గర పనిచేసేది ఆమె సొంత చెల్లెలే. ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున్నే అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈ ఆవిరికి ఊపిరాడట్లేదే. ఒక్కసారి అడగవే. నువ్వడిగితే వింటారు."

"ఊరికే కంగారుపడకే. కళ్లు మూసుకుని ఊపిరి మీద మనసు పెట్టు. అదే సర్దుకుంటుంది."

చెల్లెలు ఆమె మొహంలోకి ఎవరినో చూసినట్టు చూసి, మళ్లీ పెట్టె అందుకుంది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ రోజూలాగే బల్లల మధ్య వరసగా కూర్చుని కళ్లు మూసుకున్నారు. కాసేపటికి దబ్బుమని చప్పుడైంది. మనిషి పడితే మనిషికి తెలియదా? తెలిసింది. టపాకాయ కళ్లు తెరవబోయింది. చప్పుడు వస్తుంది, పోతుంది అనుకుని ఊపిరిని చూస్తూ కూర్చుంది. అంత బాగా నేర్చుకుంది మరి! గంట మోగేదాకా ఆ గదిలో ఒక్కరంటే ఒక్కరు కళ్లు తెరవలేదు.

చెల్లెలు బతికింది. వెంటనే ఎందుకు తీసుకురాలేదని ఆస్పత్రిలో డాక్టరు కేకలేశాడు. చేతుల వణుకు తగ్గదట, ఇక పెట్టె పట్టే వీల్లేదట.

"నేను పడ్డప్పుడు నీకు వినపడలేదు కదూ అక్కా?" అని అడిగింది చెల్లెలు, లేదని చెప్పమన్నట్టుగా.

మేనేజరుకే జంకని నోరు అది. లేదనడానికి తెరుచుకుంది కానీ మాట రాలేదు. చెల్లెలు కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది.