చేపకు చెప్పిన మాట

ఆదోనిలో అద్దాల అంగడి మస్తాన్ సాహెబు గారు ఇక లేరు. ఈ దుర్వార్తను మా ఎమ్మిగనూరుకు మోసుకొచ్చింది ఉదయం బస్సు కండక్టరు. "అయ్యవారూ, మీ చేపల సాయిబు పోయినాడంట" అని మెట్టు మీద నుంచే చెప్పి అతడు తన పనిలో పడిపోయాడు. బడికి బయలుదేరినవాణ్ణి నడివీధిలో నిలబడిపోయాను. ఆత్మీయుడు అస్తమించాడని వింటే ఎవరికైనా ముందు దుఃఖం కలగాలి. నాకు ముందు భయం కలిగింది. ఆ తరువాత సిగ్గు కలిగింది. కన్నీళ్ళు చివరికి, బడి వరండాలో పిల్లల ఎదుట వచ్చాయి. ఆ భయమెందుకో ఈ వ్యాసం ముగిసేలోగా చెప్పి తీరాలని సంకల్పించుకుని కూర్చున్నాను.

ఆయనను ఎరుగనివారికి రెండు మాటలు చెప్పాలి. సాహెబు గారు యౌవనంలో మద్రాసులో అద్దాల పని నేర్చినవారు. ఆదోనిలో స్టేషనుకు పోయే దారిలో చిన్న అంగడి పెట్టి లాంతరు బుడ్లు, మొగం చూసుకునే అద్దాలు, పటాలకు కట్టే అద్దాలు అమ్మేవారు. వాటితోపాటు గాజు తొట్లలో ఎర్ర చేపలు. మద్రాసు రైల్లో మూతికి పలుచని గుడ్డ కట్టిన డబ్బాలలో అవి దిగేవి. దూది మండీల శెట్లు తమ గద్దెల పక్కన అలంకారానికి పెట్టుకునేవారు. మా ప్రాంతమంతటా చేపను తినడానికి కాక చూడడానికి అమ్మే మనిషి ఆయనొక్కరే. అందుచేత ఊరివారికి ఆయన మీద కొంత వేళాకోళం, కొంత అనుమానం ఉండేవి. చేప చస్తేనే కదా ఇంకో చేప అమ్ముడుపోయేది, అలాంటివాడు చేప బతికే ఉపాయం నిజంగా చెబుతాడా అని మండీలో నవ్వుకునేవారు. నేనూ ఒకప్పుడు ఆ నవ్వులో పాలుపంచుకున్నవాణ్ణే.

ఆయన వ్యాపార ధర్మం విచిత్రమైనది. చేప కావాలని వచ్చినవాడికి ఆ రోజు చేప ఇచ్చేవారు కారు. "మీ ఇంటి నీళ్ళు ఒక చెంబెడు తెండి" అనేవారు. ఆ నీళ్ళను ఒక సీసాలో పోసి, అందులో తమ చేపనొకదాన్ని వదిలి, మరునాటి దాకా చూసేవారు. చేప చురుకుగా ఉంటేనే బేరం. ఒక శెట్టి గారు గృహప్రవేశానికి ఇరవై చేపలు అప్పటికప్పుడు కావాలని పట్టుబడితే, నీళ్ళు తెమ్మని తిప్పి పంపారట. శెట్టి గారు కోపంతో, అంగడి నీదా చేపలదా అని అడిగారు. ఆయన కాస్త ఆలోచించి, చేపలదేనని ఒప్పుకున్నారట. ఆ బేరం పోయింది.

ఆ అంగడిలో పై బల్ల మీద ఒక ఖాళీ సీసా ఉండేది. నీళ్ళు లేవు, చేప లేదు. దాన్ని మాత్రం రోజూ తుడిచేవారు. అదెందుకని అడిగినవారికి దాచకుండా చెప్పేవారు. ఒకప్పుడు ఎవరికో నీళ్ళలో ఉప్పు వేయమని సలహా ఇస్తూ, ఎంత వేయాలో చెప్పడం మరిచారట. పాపం ఆ మనిషి పిడికెడు వేశాడు. చేపలన్నీ చచ్చాయి. "మాట అంగడి దాటినంక మన సేతిలో ఉండదప్పా. అందుకే ఆ సీసా ఆడ పెట్టుకున్యా, నోరు తెరిసే ముందు సూసుకునేదానికి" అని ఆయన అన్నప్పుడు, ఇంతటి చిన్న తప్పుకు ఇంత ప్రాయశ్చిత్తమా అని నాకు నవ్వొచ్చింది. మాట వలన ఏం జరుగుతుందో నాకు అప్పటికి తెలియదు.

చాలా ఏళ్ళ కిందట ఒక వేసవి మొదట్లో నేను మా బడిపిల్లలకు ప్రకృతి పాఠం చెప్పడానికి ఒక చేపను కొనాలనుకున్నాను. మా సాలెవీధి బావి నుంచి ఒక చెంబు నీళ్ళు తోడి, మూతికి గుడ్డ కట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని ఆదోనికి పోయాను. చుట్టుపక్కల పల్లెలలో కలరా తగిలిందని అప్పటికే పుకార్లు. ఆ తెల్లవారుజామునే ఆరోగ్యశాఖ మనిషి వచ్చి మా బావిలో బ్లీచింగు పొడి వేసి పోయాడు. మా వీధివారు దాన్ని తెల్లమందు అంటారు. సాహెబు గారు నా నీళ్ళలో వదిలిన చేప సాయంత్రానికల్లా వెల్లకిలా తేలింది. ఆయన నీళ్ళను వాసన చూసి, ఇది బావిలో వేసిన మందు అని, ఇలాంటి నీళ్ళను వెడల్పు తొట్టిలో పోసి ఒక పగలంతా ఎండలో ఉంచితే మందు ఎగిరిపోతుందని, ఆ తరువాతే చేపను వదలాలని వివరంగా చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. దాన్ని చివరికి రాస్తాను. ఇప్పుడు రాయడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

మరునాడు తరగతిలో ఆ కథనంతా చెప్పాను. చెప్పడంలో నాకు ఉత్సాహం ఎక్కువ. చేప ఎలా తన్నుకున్నదీ, ఎలా వెల్లకిలా పడ్డదీ చేతులతో అభినయించి చూపించాను. పిల్లలు కళ్ళింత చేసుకుని విన్నారు. ముందు వరుసలో మా అన్న కూతురు సరసు, ఏడేళ్ళది, నోరు తెరుచుకుని కూర్చుంది. ఆ రోజు నేను గొప్ప పాఠం చెప్పానని సంబరపడుతూ ఇంటికి పోయాను.

ఆ సాయంత్రం నుంచి సాలెవీధి ఆ బావిని వదిలేసింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు కడవలు తీసుకుని వంకకు పోయి ఇసుకలో చెలమలు తోడుకుని ఆ నీళ్ళే తెచ్చుకున్నారు. మా ఇంట్లోనూ అవే నీళ్ళు. అవే నేనూ తాగాను. నీళ్ళు తియ్యగా ఉన్నాయే అని మా వదినతో అన్నాను కూడా. అయిదో రోజున పక్కింటి నరసమ్మవ్వకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నూలు కండెలు చుట్టి బతికే ఒంటరి మనిషి, మా అమ్మ పోయిన ఏడు నాకు అన్నం కలిపి పెట్టిన చేయి ఆమెది. పొద్దున పట్టుకుంటే మధ్యాహ్నం దాటలేదు. ఆ మరునాడు సరసు మంచం మీదికి ఒరిగింది.

ఆ పిల్ల కళ్ళు లోతుకు పోవడం చూసి హడలిపోయాను. పిల్లి దగ్గినా ఉలిక్కిపడే మనిషినని మా వదిన నన్ను ఎగతాళి చేసేది. ఆ రోజు ఎగతాళి చేసే ఓపిక ఆమెకు లేదు. నీళ్ళు ఎక్కడివని అడిగాను. చెలమవని చెప్పింది. బావి ఉండగా చెలమ ఎందుకని గద్దించాను. ఆమె నా వంక వింతగా చూసి, "నువ్వే కదప్పా సెప్పింది, మందు నీళ్ళలో చేప సచ్చినాదని. చేపే బతకని నీళ్ళు పిల్లకెట్ల పోస్తాం?" అంది. మా అన్న సరసును భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అక్కడ సూదితో ఉప్పునీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టారు. బతుకుతుందని గానీ బతకదని గానీ వారు చెప్పలేదు.

నేను వీధిలో ఇంటింటికీ తిరిగి, బావి నీళ్ళే మంచివని, చెలమ నీళ్ళు తాగొద్దని బతిమాలాను. ఒక్కరూ వినలేదు. సర్కారు మనిషి అయ్యవారిని బెదిరించి ఉంటాడని, అందుకే మాట మార్చాడని అనుకున్నారు. ఆరోగ్యశాఖ మనిషి చెప్పినా అంతే. అతనిది ఉత్తుత్తి హుకుం, చేపల సాయిబుది కంటికి కనిపించిన రుజువు. ఇంకా రెండిళ్ళలో రోగం సోకింది. మరునాడు తొలి బస్సుకు ఆదోని పోయి సాహెబు గారి అంగడి ముందు కూలబడ్డాను. ఆయన అంతా విన్నారు. ఒక్క ప్రశ్న అడగలేదు. తొట్ల మీద తడిగుడ్డలు కప్పి, బేరాల వేళ అంగడి తలుపులు మూసి, నాతో బస్సెక్కారు.

సాలెవీధి బావి దగ్గర మగ్గాలు దిగి అందరూ గుమిగూడారు. ఆ పొద్దునే మళ్ళీ మందు వేసిన నీళ్ళు, వాసన ఇంకా కొడుతూనే ఉంది. సాహెబు గారు తోడమన్నారు. మా అన్న పైనుంచి పోస్తే, ఆయన దోసిలి పట్టి కడుపు నిండా తాగారు. తరువాత అందరి వైపు తిరిగి చెప్పారు. "నేను చేపకు సెప్పిన మాట అది. మనిషికి సెప్పలే. చేపకు నీళ్ళే ఊపిరి, ఆ మందు దాని ఊపిరిలో పడతాది. మనకట్ల కాదు. ఆ మందు కలరాను సంపుతాది, మనల్ని సంపదు. నేను సగమే సెప్పినా. తప్పు నాది."

ఒక పూట తాగి పోతే ఏం తెలుస్తుంది, రేపు ఆదోనిలో పడి చస్తే మాకెట్ల తెలుస్తుంది అని ఎవరో అడిగారు. అడిగినవారిని నేను తప్పుపట్టను, వాళ్ళ ఇంట్లోనూ రోగి ఉన్నాడు. ఆయన సరేనని మా అరుగు మీద తువాలు పరుచుకున్నారు. మూడు రోజులు అక్కడే ఉన్నారు. ఆ బావి నీళ్ళు తప్ప మరేమీ తాగలేదు. వచ్చీపోయేవారికి కనబడేలా చెంబు ముందే పెట్టుకున్నారు. పిల్లలు వచ్చి ఆయన బతికే ఉన్నారా అని చూసి పోయేవారు. రెండో రోజు ఆయన పక్కన కూర్చుని, మీకు భయం లేదా సాహెబూ అని అడిగాను.

"ఉండాది. మందుకు కాదప్పా. ఇంతమంది నా మాట నమ్మినారే, దానికి."

ఆ సాయంత్రం మా వదిన ఆసుపత్రి నుంచి వచ్చి, కడవ తీసుకుని బావికి పోయింది. ఆమె వెనుక ఇంకొకరు, వారి వెనుక ఇంకొకరు. నాలుగు రోజులకు సరసు గంజి అడిగింది. సోకిన ఆ రెండిళ్ళవారూ తేరుకున్నారు. వీధిలో మరి ఎవరికీ కొత్తగా రాలేదు. పోయింది నరసమ్మవ్వ ఒక్కర్తే. సాహెబు గారు బయలుదేరే ముందు ఆమె ఇంటి గడప దగ్గర కాసేపు నిలబడ్డారు. అక్కడ పలకరించడానికి ఎవరూ లేరు.

ఆ తరువాత సలహా అడిగిన ప్రతివారికీ ఆయన ఆఖరున ఒక మాట జోడించేవారు. "ఇది చేపకు సెప్పిన మాట, మనిషికి కాదు." ఆదోనిలో అది సామెతలాగా అయిపోయింది. మండీలో ఎవరైనా ఉచిత సలహా ఇస్తే, చేపకా మనిషికా అని అడిగేవారు. ఆయనా నవ్వేవారు. అంగడివాడి మాట నమ్మవచ్చునా అని నన్నడిగితే, తన మాటకు తానే భయపడేవాడి మాట నమ్మవచ్చునని చెబుతాను. అటువంటి అంగడివాణ్ణి నా జీవితంలో ఒక్కరినే చూశాను.

మూడో దినం కార్యం ముగిశాక నేను ఆదోని వెళ్ళాను. సాహెబు గారు తొట్లకు నీళ్ళు మారుస్తూ మారుస్తూనే ఒరిగిపోయారట. ఆయన భార్య నన్ను చూసి, చేపలకు నీళ్ళు మార్చాలి, కుళాయి నీళ్ళు వెంటనే పోయవచ్చునా అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ ఒక్క ప్రశ్నకు చెమట పట్టింది. ఒక పగలు ఎండలో పెట్టి పోయండమ్మా అన్నాను, ఆయన చెప్పినట్టే. అప్పుడు పై బల్ల మీద చూశాను. ఖాళీ సీసాలు రెండున్నాయి. రెండోది కొన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. అదీ ఏదో చేపదే అనుకున్నాను. ఆమెను అడిగాను.

"అది చేపది కాదు అయ్యవారూ. మీ ఊరి అవ్వది. సగమే సెప్పి సంపినా అని ఏడ్సేవాడు."

ఇక దాచిన మాట రాస్తాను. ఆ రోజు అంగడిలో చేప తేలిపోయాక, మస్తాన్ సాహెబు గారు నాతో సగమే చెప్పి ఊరుకోలేదు. మొత్తం చెప్పారు. "మనుషులకేం కాదు అయ్యవారూ, ఆ నీళ్ళే తాగండి, కలరా రాదు. మీ వీధిలో గూడా సెప్పండి" అని, నేను మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచి మరీ చెప్పారు. చేప ఎలా తన్నుకుందో చూపించే సంబరంలో ఆ సగాన్ని తరగతిలో వదిలేసినవాణ్ణి నేను. బావి దగ్గర అంతమంది ముందు ఆయన తప్పు తనదని అంటుంటే, అడ్డుపడవలసిన నేను భయపడి తల వంచుకున్నాను. వీధి నన్ను ఏం చేస్తుందోనని, వదిన మొహం ఎలా చూడాలోనని భయం. ఆయన నా వైపు ఒకసారి చూశారు. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రసక్తి తేలేదు. ఇన్నేళ్ళ తరువాత, మొత్తం చెప్పిన సంగతి ఆయనే మరిచి, తాను సగమే చెప్పానని నమ్మి ఏడ్చారో, లేక భార్య దగ్గర కూడా నన్ను కాపాడారో నాకు తెలియదు. అడగడానికి ఆయన లేరు. ఇక ఈ నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పవలసిందీ నేనే; కండక్టరు మాట విన్నప్పుడు కలిగిన భయం అదే.

ఆ రెండో సీసాను ఆమెను అడిగి తెచ్చుకున్నాను. బడిలో నా బల్ల మీద పెట్టుకుని రోజూ తుడుస్తున్నాను. ఇందులో చేప ఏదని పిల్లలు అడిగారు. ఈ వ్యాసం అచ్చయిన రోజున వారికి చదివి వినిపిస్తాను. మా వదిన కూడా వినాలి. మహనీయుడైన ఆ అంగడి మనిషికి నేను సమర్పించగల నివాళి ఇంతే. మాట మొత్తం చెప్పినవాడు ఆయన. నరసమ్మవ్వ సీసా నాది.