సీసాలో వేసిన ఉప్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ సుభద్రమ్మ ఊరంతా చాటింది. అబద్ధమేం కాదు. ఆ కోపం చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది మాత్రం సారిక ఒక్కతే.

ఆమె మా రొయ్యల చెరువు కాపలాదారు యెహెజ్కేలు కూతురు. చర్చి హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. ఇప్పుడు భీమవరం ల్యాబులో అయాన్ క్రోమటోగ్రఫీ మిషను ఆమె చేతిలోనే ఉంది. నీళ్ళు సన్నటి గొట్టంలోంచి పోతుంటే అందులోని లవణాలు విడిపోయి ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. కంప్యూటర్లో ఒక్కోదానికి ఒక్కో గుట్ట లేస్తుంది. అంతా పావుగంట పని.

మొన్న వేసవిలో మా చెరువులో యాభై రోజుల రొయ్య చావడం మొదలెట్టింది. నీళ్ళలో నైట్రైట్ అనే విషం ఉంటే దానికి విరుగుడుంది. లేదంటే జబ్బే, ఆవేళే చెరువులో ఉన్న రొయ్యంతా పట్టేసుకోవాలి. సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళాను.

సారిక రిపోర్టు ఇవ్వనంది. క్లోరైడ్ గుట్ట, అంటే ఉప్పుది, తెరంతా ఆక్రమించిందట, దాని వెనకే రావాల్సిన నైట్రైట్ ఆ గుట్ట కింద పడి కనబడటం లేదట. ధవళేశ్వరం కాలవ నీళ్ళు పెట్టే చెరువులో అంత ఉప్పు ఉండదంది. నాకు ఒళ్ళు మండింది. మా గట్టు మీద పెరిగిన పిల్ల నా నీళ్ళ గురించి నాకే చెబుతుందా అని నలుగురిలో కేకలేశాను. కనబడకపోతే నైట్రైట్ లేదని రాసి పారెయ్యమన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "రాజుగారూ, సీసాలో ఏమన్నా వేశారాండి?" అంది.

ఎండలో నీళ్ళు చెడిపోతాయని గుప్పెడు కల్లుప్పు వేసింది నేనే. ఉప్పేస్తే ఆవకాయ ఏడాది ఉంటుంది కదా, నీళ్ళు ఒక్కపూట ఉండవా అనుకున్నాను!

నవ్వలేదు మహాతల్లి. శుభ్రమైన సీసా, ఐసు డబ్బా ఇచ్చి మళ్ళీ పంపింది. ఈసారి క్లోరైడ్ చిన్నగా లేచి దిగింది. దాని వెనకే నైట్రైట్ తాటిచెట్టంత లేచింది. ఏం చెయ్యాలమ్మా అన్నాను. అప్పుడు నవ్వింది.

"సీసాలో వేసిన ఉప్పు చెరువులో వెయ్యండి."

క్లోరైడ్ ఉంటే నైట్రైట్ రొయ్య ఒంట్లోకి అంతగా చొరబడలేదట. బస్తాలకొద్దీ ఉప్పు చల్లాం, నీళ్ళు మార్చాం. నాలుగో రోజుకి చావు ఆగింది. పంట పట్టిన రోజున వల నిండా రొయ్యే!

మొదటి బుట్ట పక్కన పెట్టించి, "ఇది సారికగారికి" అన్నాను. యెహెజ్కేలు వల వదిలేసి నా వంక చూశాడు. ముప్పై ఏళ్ళలో వాళ్ళింట్లో ఎవర్నీ నేను గారు అనలేదు.