సత్తవ్వ నాలుగు గంటలు

హన్మాండ్లు కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేలిన ఏడాదే సత్తవ్వ బీడీల చాట అటకెక్కింది. పెళ్లయి బోధన్‌కు వచ్చినప్పటి నుంచి ఆమె చేతులు ఊరికే ఉన్న పొద్దు లేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అంతే. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు మొగుడిని వెంటబెట్టుకుని నిజామాబాద్ పోవాలి. బోధన్‌లో డయాలసిస్ పడకలన్నీ నిండి ఉండటంతో అతనికి నిజామాబాద్ ఆసుపత్రిలో చోటు ఇచ్చారు. అతను మిషన్ మీద ఉండేది నాలుగు గంటలే. కానీ పోవడం, రావడం, ఇంటికొచ్చాక వాంతులు, కాళ్ల తిమ్మిర్లు అన్నీ కలిస్తే రోజు రోజంతా పోయేది. మిగిలిన రోజుల్లో ఉప్పు లేని వంట, గ్లాసుతో కొలిచి ఇచ్చే నీళ్లు. కూతురు త్రివేణి నవీపేటలో కాపురం చేసుకుంటోంది. ఇంట్లో వీళ్లిద్దరే.

మొదట్లో ఒకసారి ఆకు, తంబాకు సంచిలో వేసుకుని వార్డుకు తెచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి విప్పి చూసి, "దవాఖానలకు తంబాకు తెస్తవా అవ్వా?" అని బయటే పెట్టించాడు. ఆ తర్వాత ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, మొగుడి చేతిలోంచి పైపులోకి పోయే రక్తాన్నే చూస్తూ కూర్చునేది. చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకునేది.

హన్మాండ్లుకు అది గిట్టలేదు. షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ అతను చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేశాడు. ఎక్కడెక్కడి బండ్లవాళ్లతోనో మాట్లాడి బతికిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ట్రాక్టర్ నడిపాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం అతని ఒంట్లో లేదు.

"నువ్వట్ల పీనుగ కాడ కూసున్నట్టు కూసోకే. నాకే భయమైతుంది. బయటికి పో," అన్నాడు ఒక రోజు.

"యాడికి పోను?"

"గింత పెద్ద షహర్ల పోనీకి జాగనే లేదా? రోజుకొక్కటి సూడు. సూసొచ్చి నాకు సెప్పు. ఒకసారి సూసింది మళ్ల సూడొద్దు."

ఆమెకు నిజామాబాద్ అంటే బస్టాండు, ఆసుపత్రి, ఆ రెంటి మధ్య రోడ్డు. అయినా లేచింది. ఆ రోజు ఖిల్లా మెట్లెక్కి, పైనుంచి ఊరంతా చూసి దిగి వచ్చింది. ఇళ్లు అగ్గిపెట్టెల లెక్క కనిపించాయని చెబితే హన్మాండ్లు, "మన బోధన్ రోడ్డు కనవడ్డదా?" అని అడిగాడు. కనబడిందంది. అతను మిషన్ మీద నవ్వడం ఆమె చూడటం అదే మొదలు.

అట్లా మొదలైంది. బుధవారం గంజు మార్కెట్లో పసుపు రాశుల మధ్య తిరిగి తుమ్ములతో తిరిగొచ్చింది. శుక్రవారం తిలక్ గార్డెన్. ఇంకోరోజు స్టేషన్లో ముంబై బండి ఎక్కేవాళ్లను చూసింది. గల్ఫ్ పోయే కొడుకు మెడలో పూలదండ వేసి, బండి కదిలాక కూడా దాని పక్కనే నడిచిన తల్లి గురించి చెప్పింది. బట్టల మాల్‌లో కదిలే మెట్ల ముందు చాలాసేపు నిలబడి, ఎవరో చిన్నపిల్ల చేయి పట్టుకుంటే ఎక్కిన సంగతి చెప్పినప్పుడైతే, పక్క పడక మీది ముత్తన్న కూడా పగలబడి నవ్వాడు. మాక్లూర్ రైతు అతను. అప్పటి నుంచి ఆమె రాగానే, "వదినా, ఇయ్యాలేం సినిమా?" అని అడిగేవాడు. అవతలి పడకల వాళ్లూ తలలు తిప్పేవారు. సిస్టర్ కూడా బీపీ చూస్తూ ఒక చెవి ఇటు వేసేది.

కొన్ని నెలలు గడిచేసరికి సత్తవ్వకు గేటు దాటుతుంటేనే గుండె బరువెక్కడం మొదలైంది. కొత్తది ఎక్కడని వెతకాలి? గుళ్లు అయిపోయాయి. పూల బజారు, కోర్టు ఆవరణ, ఖలీల్‌వాడి దవాఖానల వీధి అన్నీ అయిపోయాయి. ఆడవాళ్లకు బస్సు టికెట్ ఉచితమే కదా అని ఏ బస్సు దొరికితే అది ఎక్కి, చివరిదాకా పోయి అదే బస్సులో వెనక్కి వచ్చేది. ఎక్కడికి పోయినా కాళ్లే తిరిగేవి. మనసు మాత్రం మిషన్ పక్కనే కూర్చుని, ఏది చెబితే ఆయన నవ్వుతాడో ఏరుకునేది. చెట్టు మీద కొంగలు కనబడితే కొంగలను చూసేది కాదు, ఎన్నున్నాయని ఆయన అడుగుతాడని లెక్క పెట్టుకునేది.

ఒకనాడు నడిచీ నడిచీ మోకాళ్లు పట్టేసి, "ఇయ్యాల ఏం లేదు, ఊకెనే కూసున్న," అంది. హన్మాండ్లు సీలింగ్ వైపు తిరిగాడు. ఆ నాలుగు గంటలూ అతనికి ఎంత పొడుగ్గా గడిచాయో ఆ ముఖంలో కనబడింది. మళ్లీ ఆ మాట అనే ధైర్యం ఆమెకు రాలేదు.

వానాకాలంలో ఒక రోజు స్టేషన్ గోడ పక్కనుంచి పోతుంటే జోరువాన పట్టుకుంది. గోడకు కట్టిన తాటిపత్రి పట్టా కింద ఒక ముసలామె పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడుతోంది. పేరు గంగుబాయి. గోదావరి అవతలి నుంచి ఎప్పుడో వచ్చింది. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"యే బాయీ, లోపటికి రా. తడుస్తవ్," అని జరిగి చోటిచ్చింది. కాసేపయ్యాక సూది అందించి, "కుట్టొస్తదా?" అంది.

సత్తవ్వ సూది పట్టుకుంది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి, వరస పక్కన వరస. వేళ్లకు పని దొరికేసరికి భుజాలు వాటంతటవే దిగాయి. గంగుబాయి ఏమీ అడగలేదు. ఊరేది, మొగుడేం చేస్తాడు, పిల్లలెందరు, ఏదీ. దారం అయిపోతే దారం ఇచ్చింది. వాన ఎప్పుడు వెలిసిందో సత్తవ్వకు తెలియలేదు. లేచి ఆసుపత్రి వైపు సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది, ఇంతసేపూ మొగుడు మనసులోకి రాలేదని. పాపం చేసినట్టు గబగబా నడిచింది.

వార్డులో ముత్తన్న అడగనే అడిగాడు. ఆమె నోరు తెరిచింది. బొంత మాట రాలేదు. "పెండ్లి బరాత్ వానల ఇర్కింది. గుర్రం బెదిరి, పెండ్లికొడుకును దుకాణం పందిరి కిందికి గుంజుకపోయింది," అంది. హన్మాండ్లు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆమె మళ్లీ గంగుబాయి దగ్గరికే పోయింది. ఆ తర్వాతిసారీ, ఆ తర్వాతా. వార్డుకు వచ్చే దారిలో ఒక కథ కల్పించుకునేది. పులాంగ్ చౌరస్తా దగ్గర తన చిలుకలన్నిటినీ పేర్లు పెట్టి పిలిచే మనిషి, బస్సెక్కిన కోతి, మిర్చీలు తినే పందెం. పుట్టి బుద్ధెరిగి అబద్ధం చెప్పని మనిషికి అవి ఇంత సులువుగా వస్తాయని తెలియదు. నిజంగా తిరిగిన రోజుల్లో కన్నా ఇప్పుడే వాళ్లు ఎక్కువ నవ్వుతున్నారు.

బతుకమ్మ పండుగ ముందర ముత్తన్న భార్య గంగమణి, ఆయనకు అన్నం డబ్బా తెచ్చి, చిలుకల మనిషి కథ మధ్యలో మాట కలిపింది. చెడు ఉద్దేశమేమీ లేదు.

"నువ్వు మస్తు కుడతవక్కా బొంత. స్టేషన్ కాడ నేనెప్పుడు వోయినా నువ్వు ఆడ్నే ఉంటవ్. పిలుద్దామనుకున్న గని, పనిల మునిగున్నవని పిలువలే."

సత్తవ్వ కథ ఆగిపోయింది. హన్మాండ్లు కళ్లు మూసుకున్నాడు.

బోధన్ బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని, జానకంపేట దాటాక నోరు విప్పాడు.

"ఎన్ని రోజులసంది?"

"వానలు వడ్డప్పటిసంది."

"అంటే ఆ గుర్రం?"

"లేదు."

"కోతి?"

"అదీ లేదు."

అతను కిటికీలోంచి ముఖం ఇటు తిప్పాడు. "బొంత కుడుతున్ననంటే నేనేమన్న అంటుంటినా? గింత అబద్దమెందుకు?"

"సెప్తే అది గూడ నీదే అయితుండె."

"నాదైతే ఏమైతది?"

"ఇంట్ల నీ నీళ్లు కొలుస్త. నీ కాళ్లు ఒత్తుత. దవాఖానకొస్తే నీ కోసం తిరుగుత. నాదని ఏమున్నది?" గొంతు పెరిగిందని తెలిసి, ముందు సీటు వాళ్లు వింటారని తగ్గించింది. "నేను తిరిగెటప్పుడు గూడ నీ పక్క కాడనే ఉన్నట్టుంటుండె."

"నేను కదలలేక నిన్ను పంపిన. నువ్వన్న మంచిగుండాలని."

"ఎర్కనే," అంది సత్తవ్వ. అందుకే ఇన్నాళ్లు చెప్పలేకపోయింది.

రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే. మూడో రోజు డయాలసిస్ అయ్యాక హన్మాండ్లు చేతికి పట్టీ కట్టించుకుని, "నన్ను ఆడికి తీస్కపో," అన్నాడు. వద్దనడానికి ఆమెకు సాకు దొరకలేదు. ఆటోలో పోయారు.

గంగుబాయి ఊరి పేరు చెప్పగానే హన్మాండ్లు మరాఠీలోకి దిగాడు. కాంటా దగ్గర నేర్చిన భాష ఎన్నాళ్లకో నోటికొచ్చింది. ఆమె మొగుడు బతికున్నప్పుడు చెరుకు కొట్టే ముఠాతో బోధన్ వైపు వచ్చేవాడట. ఆ ముఠా మేస్త్రీ పేరు హన్మాండ్లుకు తెలుసు. ఇద్దరూ ఆ మేస్త్రీని తిట్టుకుని నవ్వారు. హన్మాండ్లు ముఖంలోకి కళ వచ్చింది. పక్కన కూర్చున్న సత్తవ్వ సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. సంతోషపడాల్సిన చోట తనకు ఏడుపెందుకు వస్తోందో ఆమెకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ప్రతిసారీ ఇంటికి పోయే ముందు అక్కడికి పోదామనేవాడు. అతను మిషన్ మీద ఉన్న గంటల్లో సత్తవ్వ ఒక్కతే పోయి కూర్చున్నా, గంగుబాయి ఇప్పుడు అడుగుతుంది. కాళ్ల వాపు తగ్గిందా? ఏం తిన్నడు? పాపం, మంచి మనిషి, జర మంచిగ సూస్కో. తాటిపత్రి కింద కూడా వార్డు వాసన వచ్చినట్టయింది. సత్తవ్వ సగం కుట్టిన బొంతను అక్కడే వదిలేసి, అటు పోవడం మానేసింది.

రెండు వారాలు వార్డు బయట బెంచీ మీద, మునుపటిలాగే ఖాళీ చేతులతో కూర్చుంది. హన్మాండ్లు గమనించాడు.

"పోతలేవా?"

"లేదు."

"గంగుబాయి ఏమన్న అన్నదా?"

"ఏం అనలే. మంచిదే. నువ్వే మాట్లాడుకో ఆమెతోని."

ఈసారి పైపులో కదిలే రక్తాన్ని చాలాసేపు తనే చూశాడు. సాయంత్రం ఆటోవాడు అలవాటుగా, "స్టేషన్ దిక్కా కాకా?" అని అడిగితే, "కాదు బిడ్డా, సీదా బస్టాండు," అన్నాడు.

మరుసటి బుధవారం ఆమె బెంచీ మీద కూర్చోబోతుంటే లోపలికి పిలిపించుకున్నాడు.

"నువ్వు పో. ఏడికన్న పో. నాకు సెప్పొద్దు."

"సెప్పకుంటే నీకెట్ల పొద్దు వోతది?"

"పోదు. పోకుంటే ఏం జేస్తం, పండుకుంట. ఇగ నాకోసం ఏ ముచ్చట తేవద్దు నువ్వు."

ఆమె వెంటనే పోలేదు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. ఆ రోజు తిరిగొచ్చాక ముత్తన్న మామూలుగా, "వదినా, ఇయ్యాలేం సూసినవ్?" అన్నాడు.

"అడుగకు ముత్తన్నా," అన్నాడు హన్మాండ్లు. "ఆమెను తిరుగని."

ముత్తన్న చిన్నబుచ్చుకుని దుప్పటి మీదికి లాక్కున్నాడు. ఆ వరసలో మిషన్ల చప్పుడొక్కటే వినబడింది. హన్మాండ్లుకు ఆ నిశ్శబ్దం కష్టంగానే ఉందని సత్తవ్వకు తెలుసు. అయినా నోరు విప్పలేదు.

చలికాలం వచ్చింది. అవే మూడు రోజులు, అదే బస్సు. సూదులు గుచ్చీ గుచ్చీ అతని చేతి నరం మరింత ఉబ్బింది. ఈ తిరుగుడు ఎప్పటికి తీరుతుందని వాళ్లు ఎవరినీ అడగలేదు. తీరదని ఇద్దరికీ తెలుసు.

మబ్బు చుక్క లేని ఒక శుక్రవారం సత్తవ్వ వేళకన్నా కొంచెం ముందే వార్డులోకి వచ్చింది. చీర కుచ్చిళ్లు పిక్కల దాకా తడిసి ఉన్నాయి. కాళ్లకు సన్నని ఇసుక అంటుకుని ఉంది. ముఖం మీద ఎండ తగిలిన ఎరుపు. ముత్తన్న ఆ కాళ్ల వైపు చూసి, హన్మాండ్లు వైపు చూసి, మాట మింగేశాడు.

హన్మాండ్లు కూడా చూశాడు. ఏదో అడగబోయి ఆగాడు. మెల్లగా కాళ్లు పక్కకు జరిపి పడక అంచున చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. మిషన్ ఆగడానికి ఇంకా కొంచెం టైముంది.